అడగడం చేతకాని ప్రశ్న

అందరికీ నమస్కారం.

కంప్యూటర్ ముందు ఉన్నవాళ్లు ముందుగా ఒక చిన్న పని చేయండి. పైథాన్ గానీ జావాస్క్రిప్ట్ గానీ తెరిచి 0.1కి 0.2 కలపమని అడగండి. 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. మీలో చాలామంది దీన్ని ఇదివరకే చూసి ఉంటారు. చూసి, కంప్యూటర్‌కు దశాంశాలు సరిగ్గా రావు కాబోలు అనుకుని ముందుకు వెళ్లిపోయి ఉంటారు. నేనూ అలాగే వెళ్లిపోయాను. దానికి నేను కట్టుకున్న మూల్యం ఏమిటో చెప్పి మొదలుపెడతాను.

ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం. పగలంతా జరిగిన చెల్లింపులను రాత్రిపూట కూడి రెండు నివేదికలు తయారుచేసే ప్రోగ్రామ్ నా చేతికి వచ్చింది. మొదటి నివేదిక చెల్లింపులన్నిటినీ వరుసగా కూడుతుంది. రెండోది శాఖలవారీగా కూడి, ఆ మొత్తాలను మళ్లీ కూడుతుంది. రెండూ సమానమైతేనే ఆ రోజు లెక్క ముగిసినట్టు. కొన్ని రోజులు సమానమయ్యేవి, కొన్ని రోజులు అయ్యేవి కావు. తెర మీద చూస్తే రెండు మొత్తాలూ అచ్చం ఒకేలా ఉంటాయి. ప్రోగ్రామ్ మాత్రం సమానం కావంటుంది.

నేనేం చేశానంటే, ఒక చోట మొత్తాన్ని రెండు దశాంశ స్థానాలకు సవరించాను. మూడు రోజులు సవ్యంగా నడిచింది. నాలుగో రోజు తేడా ఇంకో చోట తేలింది, ఈసారి తెర మీద కంటికి కనిపించేంత తేడా. అక్కడా సవరించాను. అలా పదకొండు చోట్ల సవరణలు పెట్టాను. పదహారు రోజులు గడిచాయి. చివరికి ఆ ప్రోగ్రామ్‌ను తెరవాలంటేనే గుండె దడగా ఉండేది.

మా బృందంలో నాకంటే పదిహేనేళ్లు ముందు ఈ పనిలోకి వచ్చినావిడ ఒకరు ఉండేవారు. ఆవిడ నా కోడ్ చూడలేదు. ఒక కాగితం నా ముందు పెట్టి, "0.1ని ద్విసంఖ్యామానంలో రాయండి, చూద్దాం" అన్నారు. నాకు చేతకాలేదు. పూర్ణాంకాలను ఒకట్లూ సున్నాలుగా మార్చడం వచ్చు. దశాంశాల పాఠంలో పరీక్షకు ప్రశ్నలు రావన్నారు కాబట్టి దాన్ని చదవలేదు.

ఆవిడే చేసి చూపించారు. సంఖ్యను రెట్టింపు చేయాలి. ఒకటికి చేరకపోతే 0 రాయాలి. చేరినా దాటినా 1 రాసి, ఆ ఒకటిని తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ రెట్టింపు చేయాలి. 0.1 రెట్టింపు 0.2, సున్నా. దాని రెట్టింపు 0.4, సున్నా. 0.8, సున్నా. 1.6, ఒకటి. మిగిలిన 0.6 రెట్టింపు 1.2, ఒకటి. మిగిలింది 0.2. అంటే ఇందాక చూసిన 0.2కే తిరిగి వచ్చాం. ఇక ఇదే చక్రం తిరుగుతూ ఉంటుంది: 0.0001100110011... అంతం లేదు. మనం రాసే పద్ధతిలో మూడో వంతు 0.333... అంటూ ఎలా ముగియదో, రెండు ఆధారంగా రాసేటప్పుడు పదో వంతు అలా ముగియదు. పదిలో 5 అనే కారణాంకం ఉంది, రెండును ఎన్నిసార్లు హెచ్చించినా 5 రాదు. సగం, పావు, ముప్పావు, అరపావు అయితే చక్కగా ఇమిడిపోతాయి.

యంత్రం దగ్గర అనంతమైన చోటు లేదు. దశాంశాలను యంత్రం మామూలుగా దాచుకునే 64 బిట్‌ల, అంటే 64 ఒకట్లూ సున్నాల, ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలో అంకెలకు దక్కేది 53 బిట్‌ల కచ్చితత్వం. ఇది 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణంలోనే ఉంది, రహస్యమేమీ కాదు. అక్కడ ఆగక తప్పదు కాబట్టి యంత్రం దాచుకునేది 0.1 కాదు, దానికి అతి దగ్గరగా ఉన్న మరో సంఖ్య. కూడే ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా మిగలవచ్చు. ఏ వరుసలో కూడామన్నదాన్ని బట్టి ఆ తేడా మారుతుంది. మొదటి రెండూ కలిపి మూడోది కలిపినా, చివరి రెండూ కలిపి మొదటిది కలిపినా ఒకటేనని చిన్నప్పుడు నేర్చుకున్నాం కదా, ఆ నియమం ఈ సంఖ్యలకు పూర్తిగా వర్తించదు. నా రెండు నివేదికలు కూడుతున్నది వేరువేరు వరుసల్లో. వాటికి మధ్య తేడా రాని రోజే విశేషం.

డబ్బును దశాంశాలుగా కాకుండా పైసల్లాంటి అతి చిన్న ప్రమాణంలో పూర్ణాంకాలుగా దాచేలా మార్చాను. ఒక పూట పట్టింది. పదకొండు సవరణలూ తీసేశాను.

ఈ కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ పదహారు రోజులు కాదు. ఆ రోజుల్లో నేను అడిగిన ప్రశ్నలు. "మొత్తం ఎందుకు తప్పుతోంది?" అని అడిగాను. "సమానత్వం సరిచూసే ఫంక్షన్‌లో లోపం ఉందా?" అని అడిగాను. లైబ్రరీ మార్చి చూశాను. "ఈ సంఖ్యను యంత్రం ఏ రూపంలో దాచుకుంటోంది?" అనే ప్రశ్న నాకు రాలేదు. రావడానికి వీలే లేదు. సంఖ్యకు ఒక రూపం ఉంటుందని, ఆ రూపానికి హద్దులుంటాయని తెలిసినవాడికే ఆ ప్రశ్న పుడుతుంది. పునాది పాఠం వదిలేసినప్పుడు పోయేది ఒక జవాబు అనుకుంటాం. జవాబులు వెతికితే ఎక్కడైనా దొరుకుతాయి. పోయేది ప్రశ్న. ఏం వెతకాలో తెలియనివాడికి ఎంత పెద్ద గ్రంథాలయం ఉన్నా ఏం లాభం?

ఇదే పదో వంతు మరో చోట ఏం చేసిందో చెబుతాను. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని ధహ్రాన్ దగ్గర అమెరికా సైన్యపు పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థ ఒకటి తన వైపు వస్తున్న ఇరాక్ స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. అది సైనికుల నివాసం మీద పడి 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థలోని గడియారం సెకనులో పదో వంతుల్లో కాలాన్ని లెక్కపెడుతుంది. ఆ లెక్కను సెకన్లలోకి మార్చడానికి 0.1తో గుణించాలి. ఆ 0.1ని 24 బిట్‌ల దగ్గర కత్తిరించారు. లెక్కపెట్టిన ఒక్కో పదో వంతుకూ పోయింది సెకనులో కోటో వంతుకన్నా తక్కువ. కానీ వ్యవస్థ దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచింది. 100 గంటల్లో 36 లక్షల పదో వంతులు ఉంటాయి. గడియారం సుమారు 0.34 సెకను తప్పింది. ఆ వేగంలో వచ్చే క్షిపణి అంతసేపట్లో అర కిలోమీటరుకు పైగా వెళుతుంది. రాడార్ వెతకాల్సిన చోట వెతకలేదు.

ఆ ఇంజనీర్లకు 0.1 సంగతి తెలియదని నేను అనను. అలా అనే హక్కు నాకు లేదు. ఆ వ్యవస్థను రూపొందించినప్పుడు అది అన్ని గంటలు ఒకే చోట ఆగకుండా నడుస్తుందని ఎవరూ అనుకోలేదు. నన్ను పట్టి ఆపేది దాని తర్వాత జరిగింది. ఎనిమిది గంటలు నడిస్తేనే వెతికే పరిధి 20 శాతం జరుగుతోందని ఫిబ్రవరి 11నే సమాచారం వచ్చింది. 21న వాడుకదారులకు ఒక హెచ్చరిక వెళ్లింది, చాలా ఎక్కువసేపు నడిపితే పరిధి జరగవచ్చని. 'చాలా ఎక్కువసేపు' అంటే ఎన్ని గంటలో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ ధహ్రాన్ చేరింది 26న, ఒక రోజు ఆలస్యంగా. ఆ హెచ్చరిక చదివిన మనిషి చేతిలో 0.1 కత్తిరింపు లెక్క ఉండి ఉంటే, గంటకు ఎంత తప్పు చేరుతుందో కాగితం మీద రెండు నిమిషాల్లో తేల్చుకునేవాడు. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే గడియారం సున్నా నుంచి లెక్కిస్తుంది. ఎన్ని గంటలకు ఒకసారి ఆపాలో ఆ లెక్కే చెప్పేది.

అయితే, పునాది గట్టిగా ఉన్నవాళ్లు తప్పులు చేయరని మీరు అనుకుని వెళితే నేను మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టే. క్రమంలో పేర్చిన జాబితాలో సగం సగం వదిలేస్తూ వెతికే బైనరీ సెర్చ్ మీకు తెలుసు. పది లక్షల పేర్లున్నా ఇరవై చూపుల్లో తేలిపోతుంది. జావా లైబ్రరీలో దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో ఒక సంగతి బయటపెట్టారు. తాను రాసిన ఆ కోడ్‌లో తొమ్మిదేళ్లుగా ఒక బగ్ దాగి ఉందని. మధ్య స్థానం కోసం కింది హద్దునూ పై హద్దునూ కూడి రెండుతో భాగించారు. జాబితాలో వంద కోట్లకు పైగా అంశాలు ఉన్నప్పుడు ఆ కూడిక 32 బిట్‌ల పూర్ణాంకంలో పట్టదు. 2,147,483,647 దాటగానే రుణ సంఖ్యలోకి దొర్లిపోతుంది. గొప్ప ప్రోగ్రామర్ రాసినది, ఎందరో చదివినది. అయినా తప్పింది.

కానీ బయటపడ్డాక ఏమైందో చూడండి. కారణం ఒక్క వాక్యంలో చెప్పగలిగారు. కింది హద్దుకు, రెండు హద్దుల తేడాలో సగం కలపండి అని సవరణ ఒక్క వరుసలో రాశారు. ఇలాంటి తప్పు ఇంకెక్కడ దాగి ఉండవచ్చో కూడా చెప్పగలిగారు. తొమ్మిదేళ్లనాటి తప్పును ఒక్క వరుసలో ముగించడం, నా పదకొండు సవరణలు, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను నేను అప్పుడప్పుడు.

పునాది లేని చోట ఇంకొకటి మొలుస్తుంది. దాన్ని మూఢనమ్మకం అనడానికి నేను వెనుకాడను. కారణం తెలియదు, కానీ ఫలానా పని చేస్తే సరిపోతుందని అనుభవం చెబుతోంది. అప్పుడు ఆ పని ఆచారమైపోతుంది. మీ ప్రాజెక్టుల్లో వెతికి చూడండి, "ఈ వరుస తీయవద్దు, తీస్తే పనిచేయదు" అని రాసిన చోటు ఒకటి తప్పకుండా దొరుకుతుంది. చాలాసార్లు ఆ వరుస చేసే పని ఏమిటంటే, రెండు సెకన్లు ఆగడం.

ఎందుకు ఆగడం? ఒక ఖాతాలో 100 ఉందనుకోండి. ఒక పని అందులోంచి 30 తీయాలి, మరో పని 50 తీయాలి. చివరికి 20 మిగలాలి. రెండూ ఒకే క్షణంలో చదివితే ఇద్దరికీ కనిపించేది 100. ఒకరు 70 అని రాస్తారు, మరొకరు 50 అని రాస్తారు. ఎవరు ఆఖరున రాస్తే వారిదే నిలుస్తుంది. 20 ఎక్కడా లేదు. దీన్ని ఎదుర్కొన్న ఒకరు మధ్యలో రెండు సెకన్ల విరామం పెట్టారు. తప్పు కనిపించడం మానేసింది. నిజానికి తప్పు పోలేదు, తప్పు జరిగే అవకాశం సన్నబడింది, అంతే. సర్వర్ మీద రద్దీ పెరిగిన రోజు, రెండు సెకన్ల పని మూడు సెకన్లు పట్టిన రోజు, అది తిరిగి వస్తుంది. అందరూ ఆ ప్రోగ్రామ్ మీద ఆధారపడిన రోజే వస్తుంది. తాళం వేసుకుని చదవడం, చదవడాన్నీ రాయడాన్నీ విడదీయరాని ఒకే లావాదేవీగా చేయడం డేటాబేస్ ప్రాథమిక పాఠాల్లోనే ఉంటాయి. విరామం పెట్టినవారు సోమరి కాదు. నాలుగు రాత్రులు మేలుకుని ఆ వరుస రాశారు. ఆ నాలుగు రాత్రుల కష్టం నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి రెండు జాబితాలను పోల్చే ప్రోగ్రామ్ రాసింది. మొదటి జాబితాలోని ప్రతి పేరునూ రెండో జాబితాలోని ప్రతి పేరుతో పోల్చడం, లూప్‌లో లూప్. వంద పేర్లతో పరీక్షించింది. పదివేల పోలికలు, కన్నుమూసి తెరిచేలోగా ముగిసింది. అసలు జాబితాల్లో లక్షేసి పేర్లున్నాయి. పోలికలు వెయ్యి కోట్లు. "మేడమ్, మెషీన్ చాలదు" అంది. రెట్టింపు వేగం ఉన్న మెషీన్ మీద పెట్టింది. రెట్టింపు వేగం వల్ల అదే సమయంలో సుమారు 1.4 రెట్లు పేర్లు పడతాయి, అంతకు మించి పట్టవు, ఎందుకంటే పని పేర్ల సంఖ్యతో కాదు, ఆ సంఖ్య వర్గంతో పెరుగుతోంది. రెండో జాబితాను పైథాన్‌లోని సెట్‌లో వేసి వెతికితే సెకను కూడా పట్టలేదు. విచిత్రం ఏమిటంటే ఆ అమ్మాయి సెట్‌నూ, పేరుకు విలువను జతచేసి దాచే డిక్షనరీనీ రోజూ వాడుతూనే ఉంది. అవి పేరు నుంచే గది చిరునామా లెక్కగట్టి నేరుగా అక్కడికి వెళతాయని తెలియదు. కాబట్టి తన సమస్యకు మందు తన చేతిలోనే ఉందని తట్టలేదు.

తెలుగులో ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లకు మరో ఉదాహరణ. 'తెలుగు' అనే మాటలో ఎన్ని అక్షరాలు? మూడని మనం అంటాం. పైథాన్ ఆరు అంటుంది. త, దానికి ఎత్వం, ల, దానికి కొమ్ము, గ, దానికి కొమ్ము, ఒక్కొక్కదానికీ, అన్ని లిపుల గుర్తులకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో వేరే సంఖ్య ఉంది. ఆ సంఖ్యలను బైట్‌లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే ఒక్కోదానికి మూడు బైట్‌లు, మొత్తం 18. ఈ మాటను తిప్పి రాయమంటే 'గులుతె' రాదు. మొదట ఆధారం లేని కొమ్ము ఒకటి, తర్వాత 'గులెత' వస్తుంది. గుణింతపు గుర్తులు పక్క హల్లుకు అతుక్కుపోతాయి. పేరును పది బైట్‌ల దగ్గర కత్తిరిస్తే నాలుగో సంకేతం మధ్యలో తెగి, చివర పిచ్చి గుర్తు పడుతుంది. దీన్ని చూసి "తెలుగు ఫాంట్ సరిగ్గా లేదు" అని ఫాంట్‌లు మారుస్తూ కూర్చున్నవాళ్లు ఉన్నారు. మళ్లీ అదే కథ. తప్పు ఉన్న అంతస్తు ఒకటి, వెతుకుతున్న అంతస్తు ఒకటి.

మరి మొదట నాలుగేళ్లు పునాది పాఠాలే చదివి, ఆ తర్వాత కోడ్ ముట్టుకోవాలా? అలా చెప్పే గురువులతో నాకు గట్టి విభేదం ఉంది. ద్విసంఖ్యామానం, మెమరీ, అల్గోరిథమ్‌లు అంటూ నెలల తరబడి ఊరిస్తే, ఉత్సాహంతో వచ్చిన పిల్లలు ఉసూరుమంటూ వెళ్లిపోతారు. నాకు ఆ దశాంశాల పాఠం మొదటిసారి ఎందుకు ఎక్కలేదంటే, అప్పటికి నా చేతిలో ఏ లెక్కా తప్పలేదు. పిల్లలు వ్యాకరణం చదివి మాట్లాడడం మొదలుపెట్టరు. ముందు పనిచేసే ఒక వస్తువును తయారుచేయనివ్వండి. తెర మీద ఏదో కదలనివ్వండి. కానీ అది మొదటిసారి చెడినప్పుడు, ఆ చెడిన చోటును దాటనివ్వకండి. నేర్పడానికి అంతకన్నా మంచి ముహూర్తం దొరకదు. దగ్గర కూర్చుని ఒక అంతస్తు కిందికి దిగి చూపించాలి. నా ముందు కాగితం పెట్టినావిడ చేసిన పని అదే.

ఇప్పుడు అడిగితే కోడ్ రాసిచ్చే సాధనాలు వచ్చాయి. నేనూ వాడుతున్నాను, బాగా ఉపయోగపడుతున్నాయి. వాటితో ఒక చిక్కు ఉంది. అవి మన ప్రశ్నకు జవాబిస్తాయి. "ఈ మొత్తాన్ని రెండు స్థానాలకు సవరించే కోడ్ రాయి" అంటే రాసిస్తాయి, పన్నెండో చోట కూడా పెట్టిస్తాయి. ఆ రోజుల్లో నా దగ్గర అలాంటి సాధనం ఉండి ఉంటే పదహారు రోజులు పట్టేది కాదేమో. పదకొండు సవరణలూ ఒక్క గంటలో పెట్టి, లెక్క కుదిరిందనుకుని సంతోషంగా ఇంటికి వెళ్లేదాన్ని. అది నన్ను భయపెడుతుంది. ఎదురుదెబ్బ ఆలస్యంగా తగులుతుంది, తగిలే సమయానికి ఆ కోడ్ మీద ఇంకో పది ప్రోగ్రామ్‌లు నిలబడి ఉంటాయి.

ఇక్కడ ముందు వరుసలో ఒకరు చీటీ పంపారు. ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారట, ఫ్రేమ్‌వర్క్‌లు బాగా వచ్చు, అడుగున ఏం జరుగుతుందో తెలియదు, ఇప్పుడు మళ్లీ మొదటి పేజీ నుంచి చదవాలంటే సమయమూ లేదు, మనసూ ఒప్పదు, ఏం చేయమంటారు అని అడిగారు. ఇలా రాసి పంపడానికి ధైర్యం కావాలి, మీకు నా నమస్కారం.

మొదటి పేజీకి వెళ్లకండి. మీ సొంత కోడ్‌లో మీరు ముట్టుకోవడానికి భయపడే చోటు ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. అది డేటాబేస్ నెమ్మదించడమే అయితే, వెతుకులాటను వేగం చేసే ఇండెక్స్ ఎలా పనిచేస్తుందో ఆ ఒక్కటే ఈ వారం చదవండి. చదివి ఊరుకోకుండా చేత్తో కట్టి చూడండి. డిక్షనరీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఎనిమిది గదుల పట్టిక ఒకటి రాయండి, వంద వరుసలు దాటదు. పేరులోని అక్షరాల సంకేత సంఖ్యలన్నీ కూడి ఎనిమిదితో భాగించండి, శేషమే గది సంఖ్య. రెండు పేర్లకు ఒకే గది వచ్చినప్పుడు ఏం చేయాలో ఏ పుస్తకమూ చూడకుండా మీరే నిర్ణయించండి. తొమ్మిదో పేరు వచ్చినప్పుడు ఏం చేస్తారో ఆలోచించండి. అక్కడ ఇరుక్కున్నాక పుస్తకం తెరవండి. అప్పుడు ఒక్కో వాక్యం మీకోసమే రాసినట్టు ఉంటుంది.

మీ ఫైల్లో "తీయవద్దు" అన్న వరుస ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి. ఆ రెండు సెకన్లు ఎవరి కోసం ఆగుతున్నాయో కనుక్కోండి. దొరకకపోతే ఆ ఫైలు ప్రతి ఒకటి తీసుకుని నా దగ్గరికి రండి, కాగితం పెట్టుకుని కలిసి చూద్దాం.